నలభై నిమిషాల సల్ల

పొద్దున్నే బయల్దేరి, పదకొండుకల్లా పని ముగించి, సాయంత్రం ఐదులోపు ఫోటోలు పంపెయ్యాలి. భానుప్రకాశ్ వేసుకున్న పథకం ఇంతే. శామీర్‌పేట చుట్టుపక్కల ఓ సంస్థ ముప్పై ఒక్క మొక్కలు నాటించింది. ఒక్కో మొక్కనూ ఫోటో తీసి, తీసిన చోటు కూడా దానికి జతచేసి పంపాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని అతనిదే. మూఢాల్లో పెళ్లిళ్లు లేక మేడ్చల్ స్టూడియోలో ఈగలు తోలుకుంటున్న మనిషికి ఇంకేం కావాలి!

చిక్కల్లా ఆ పాత కెమెరాతోనే. తానెక్కడుందో దానికి తెలిసి చావదు. జేబులో ఫోన్ మాత్రం ఏ నిమిషానికి ఎక్కడున్నదీ రాసుకుంటూ పోతుంది. ఇంటికొచ్చాక ఫోటో తీసిన టైమునూ, ఆ దారినీ కంప్యూటర్ కలిపి చూసి చోటు చెబుతుంది. అందుకు కెమెరాలో టైము సరిగ్గా ఉండాలి. ఫోన్ లోపలి గదిలో చార్జింగ్‌లో ఉందని భానుప్రకాశ్ గోడ గడియారం చూశాడు. అది పది నిమిషాలు ముందుంటుందని తెలుసు గనుక, పది తీసేసి మరీ పెట్టాడు. అంత జాగ్రత్త మనిషి!

రెండింటికి ఫోటోలు పంపాడు. మూడింటికి సంస్థ నుంచి రోజారాణి మేడం ఫోన్ చేసింది.

"భానుప్రకాశ్ గారూ, మొక్కలెక్కడ తీశారండీ? నాలుగు నడిరోడ్డు మీదున్నాయి. చివరి పదకొండూ మైసయ్య కల్లు కాంపౌండ్‌లో ఉన్నాయి!"

"కల్లు కాంపౌండా మేడం?"

"మ్యాప్‌లో పేరుతో సహా ఉంది. ఐదింటికల్లా సరిచేయండి. లేదంటే కొంపల్లి స్టూడియోకు ఇచ్చేస్తాం."

ఫోన్ స్పీకర్ మీద ఉంది. సూరారంలో పని ముగించుకుని అప్పుడే గడప తొక్కిన లత మొత్తం వింది. కల్లు ముట్టనని మొగుడితో ఒట్టు పెట్టించుకుని ఇంకా నెల కాలేదు.

"మళ్ల కాంపౌండ్‌కు పోయినవా?"

"తోబ తోబ! గా ప్రోగ్రాం పిచ్చిది. కాంపౌండ్ల మొక్కలుంటయా, నువ్వే జెప్పు?"

లత కంప్యూటర్ ముందుకొచ్చింది. చిట్టచివరి ఫోటోలో అతని దోస్తు నాగసాయి పళ్లికిలించి నవ్వుతున్నాడు. మీసాల మీద తెల్లటి నురగ.

"గీయన మూతికి ఏంది గది?"

"సల్ల. మనింటికొస్తే నేనే పోసిన. అగో, మ్యాప్‌ల సూడు!"

నిజమే, మ్యాప్‌లో నాగసాయి ఫోటో చుక్క సరిగ్గా వాళ్లింటి మీదే ఉంది. ఆ అదృష్టం ఎటునుంచి వచ్చిందో భానుప్రకాశ్ అడగదలచుకోలేదు.

"మొక్కలకు పిచ్చిదైన ప్రోగ్రాం నాగసాయికి మంచిదైందా?"

"మనుషులను మంచిగనే గుర్తువడ్తది," అన్నాడు భానుప్రకాశ్.

ఇక చేత్తోనే చుక్కలు జరపడం మొదలుపెట్టాడు. ఏ మొక్క ఏ ఊరిదో గుర్తుంటే కదా! అన్నీ వేపమొక్కలే, అన్నింటికీ అదే ఆకుపచ్చ జాలీ. అటు జరిపి, ఇటు జరిపి, ఒళ్లు మండిపోయి, తోచినట్టు పెట్టి నాలుగూ ఇరవైకి పంపాడు. ఐదు నిమిషాల్లో మళ్లీ ఫోన్.

"ఇప్పుడు రెండు మొక్కలు శామీర్‌పేట చెరువులో ఉన్నాయండీ!"

నెత్తి కొట్టుకుని కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. అందులో టైము ఐదూ పది. ఫోన్‌లో నాలుగున్నర.

"లతా! గోడ గడియారం ఎంత ముందున్నది?"

"యాభై నిమిషాలు."

"పదే గదనే!"

"నువ్వు పది తీసేస్తున్నవని ఎర్కైంది. గందుకే నిన్న ఇంకో నలభై తిప్పిన. ఇయ్యాలన్న టైముకు పోతవని."

అదీ సంగతి. ప్రతి ఫోటోకూ, నలభై నిమిషాల తర్వాత తానెక్కడుంటే ఆ చోటే అంటుకుంది! భానుప్రకాశ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా పొట్ట గొట్టినవ్ గదే! మొక్కలను నడిరోడ్డు మీద నిలవెట్టినవ్! కూసో, సూడు నీ కండ్లతోని!" అని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోటోలన్నీ ఎంచి, నలభై నిమిషాలు వెనక్కి జరిపి మీట నొక్కాడు.

రోడ్డు మీద తేలిన మొక్కలు గట్ల మీదికి వెళ్లాయి. చెరువులోవి ఒడ్డెక్కాయి. కాంపౌండ్‌లో తేలిన పదకొండూ బుద్ధిగా బడి గోడ పక్కన వరుసకట్టాయి. "సూసినవా, ఎంత కరెక్టుగ వచ్చినయో!" అన్నాడు భానుప్రకాశ్, మీసం మీద చెయ్యేసి.

లత చూస్తూనే ఉంది. అన్నిటికన్నా ఆఖరున ఒక్క చుక్క వాళ్లింటి మీద నుంచి లేచి, శామీర్‌పేట రోడ్డు పట్టుకుని, ఖాళీ అయిన మైసయ్య కల్లు కాంపౌండ్‌లో దిగింది. దాని పక్కన నాగసాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మనుషులను మంచిగనే గుర్తువడ్తదంటివి," అంది లత.

ఏడాది పని భానుప్రకాశ్‌కే దక్కింది. ఫోటోలు సంస్థకూ, ఏ నిమిషానికి ఎక్కడున్నాడో ఆ దారి మొత్తం లతకూ రోజూ పంపుతున్నాడు; ఆ రెండోది సంస్థ పెట్టిన షరతు కాదు.