ఎంతకీ రాని లారీ

ఆ పొద్దున ‘అలాగే బాబాయి’ వేసుకున్న పథకం చాలా చిన్నది. కుర్చీల ఫ్యాక్టరీకి వెళ్ళాలి, మేనేజరు ముందు ఒద్దికగా కూర్చోవాలి, ఏడాది పొడుగునా సరుకు తోలే కాంట్రాక్టు పట్టుకుని ఇంటికి రావాలి. అంతే. "కాదు" అనడానికి నోరు రాని మనిషి కాబట్టి లారీలవాళ్ళంతా అతనికి ఆ పేరు పెట్టారు. ఎవరేమడిగినా "అలాగేనండీ" అంటాడు, ఆ తర్వాత తల పట్టుకుంటాడు.

ఈసారి మాత్రం తల పట్టుకుంటే సరిపోదు. ఉన్నది ఒక్కటే లారీ. దానికున్నది రాష్ట్రం లోపల తిరిగే పర్మిట్టే. కొన్నాళ్ళుగా సరైన లోడు లేక అది ఇంటిముందు దుమ్ము కొట్టుకుపోతోంది. "ఇవాళ కూడా ఉత్త చేతులతో వచ్చారంటే బండి అమ్మేద్దాం. మా తమ్ముడి చెప్పుల కొట్లో కూర్చుందురుగాని," అని భార్య తేల్చి చెప్పింది. బావమరిది కింద స్టూలేసుకుని ఊళ్ళోవాళ్ళ పాదాలు కొలవడం తలచుకుంటే బాబాయికి ముద్ద దిగలేదు.

ఫ్యాక్టరీ గేటు ముందు గోడ నీడలో లారీ ఆపి లోపలికి వెళ్ళాడు. మేనేజరు మాటలు పొదుపుగా వాడే మనిషి.

"ఇవాళే ఒక లోడుంది. వంతెన ఊరి గోడౌనుకి. మధ్యాహ్నం లోపు లారీ మా గేటు లోపలుండాలి. వేళకి వస్తే కాంట్రాక్టు మీదే. పంపగలరా?"

వంతెన ఊరు అనగానే బాబాయికి తన పర్మిట్టు గుర్తొచ్చింది. ఆ ఊరుండేది నదికి అవతల, అంటే పక్క రాష్ట్రంలో. ఈ పర్మిట్టుతో వంతెన దాటితే చెక్‌పోస్టు వాళ్ళు లారీని అక్కడే కట్టేస్తారు. ఆ ముక్క చెప్పొచ్చు. గోడౌను సరిగ్గా ఎక్కడుందో అడగనూవచ్చు. కానీ అడిగితే తెలియదని తెలిసిపోతుంది. నోరు తెరిచేసరికి అలవాటైన మాటే వచ్చింది.

"అలాగేనండీ! దేశంలో ఏ మూలకైనా మన బళ్ళు తిరుగుతూనే ఉంటాయి."

బయటికొచ్చి, తన లారీకే వీపు ఆనించి, పెద్ద బ్రోకరుకి ఫోన్ చేశాడు. దేశమంతా తిరిగే పర్మిట్టున్న లారీలు ఆయన చేతిలో బోలెడు. లోడు ఆయన నెత్తిన పెట్టి, మేనేజరు దగ్గర తన పరువు నిలబెట్టుకుందామని బాబాయి ఎత్తు. "పంపిస్తాలే బాబాయ్, నిశ్చింతగా ఉండు," అన్నాడు బ్రోకరు.

ఇక్కడ బ్రోకర్ల మర్యాద ఒకటి చెప్పుకోవాలి. లోడు ఎవరిదో లారీవాళ్ళకి చెప్పరు, లారీ ఎవరిదో లోడువాళ్ళకి చెప్పరు. చెబితే వాళ్ళూ వాళ్ళూ కలిసిపోయి తమ నోట్లో మట్టి కొడతారని భయం. పెద్ద బ్రోకరుకి ఆ గోడౌను సంగతి బాగా తెలుసు. ఊరు అవతలే గానీ, గోడౌను మాత్రం వంతెనకి ఇవతలే ఉంది. దానికి దేశం తిరిగే లారీ దండగ అనుకుని ఆయన లోడుని చిన్న బ్రోకరుకి తోసేశాడు. చిన్న బ్రోకరు తనకి బాగా అలవాటైన నంబరు నొక్కాడు. ఆ ఫోను బాబాయి వంటింట్లో మోగింది.

"పిన్నిగారూ, ఫ్యాక్టరీల రోడ్డులో లోడుంది. మీ బండి ఖాళీయేనా?"

లారీ కాగితాలన్నీ పిన్నిగారి పేరు మీదే ఉన్నాయి. "మా బండి ఇప్పుడు ఆ రోడ్డులోనే ఉంది నాయనా! చిటికెలో వస్తుంది," అని ఒప్పేసుకుని ఆవిడ మొగుడికి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎంగేజే. మొగుడుగారు అప్పటికే "లారీ ఏదయ్యా?" అని పెద్ద బ్రోకరుని పీక్కుతినడం మొదలుపెట్టారు మరి. అతని ఫోను ఖాళీ అయ్యేసరికి ఆవిడ ఫోన్లో చిన్న బ్రోకరు గోల.

"బయల్దేరిందట బాబాయ్," అన్నాడు పెద్ద బ్రోకరు. కాసేపాగి, "టైర్లో గాలి దిగిందట." ఇంకాసేపటికి, "రైల్వే గేటు పడిందట."

"గేటా? ఆ గేటు నేనెంతమందికి వేశానో నీకు తెలుసా? తాతకే దగ్గులు నేర్పుతున్నారా!" బాబాయి ఒంటికాలి మీద లేచాడు.

పాపం, ఆ గేటు పడింది అతని వంటింట్లోనే. ఏళ్ళ తరబడి అతని నోట విన్న సాకులే భార్య ఒక్కొక్కటిగా చిన్న బ్రోకరుకి వడ్డిస్తోంది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వచ్చిన లోడు వదులుకోలేదు, మొగుడు దొరకడు.

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. "అయ్యా, మీ బండి కాస్త పక్కకి తీయండి. వచ్చే లారీకి అడ్డంగా ఉంది."

"అలాగేనయ్యా," అని బాబాయి లారీ ఎక్కి, రాబోయే లారీకి దారి ఇస్తూ వెనక్కి తీశాడు. దిగి మళ్ళీ ఫోనందుకున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. చెప్పుల కొట్లో స్టూలు కళ్ళముందు తిరుగుతోంది. భయం ముదిరి కోపమైంది.

"ఆ లారీ ఓనరెవరో గానీ ఉత్త మోసగాడు! ఇక ఆ మనిషికి ఊళ్ళో ఏ బ్రోకరూ లోడివ్వడానికి వీల్లేదు. నా మాటగా అందరికీ చెప్పెయ్!"

"అంతేనంటావా బాబాయ్? సరే, ఇప్పుడే చెప్పేస్తా."

మేనేజరు గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. "లారీ నంబరైనా చెప్పండి, గేటు పాసు రాయిస్తాను. అదీ లేదంటే లోడు వేరేవాళ్ళకి ఇచ్చేస్తా."

నంబరు చెప్పడానికి పెద్ద బ్రోకరు నానా గింజుకున్నాడు. బాబాయి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి దాదాపు ఏడ్చాడు. బ్రోకరు కరిగాడు. వినబడిన అంకెల్ని బాబాయి వాచ్‌మన్‌కి అందిస్తూ పోయాడు. మొదటి రెండూ గట్టిగా పలికాడు. మూడోది మెల్లగా. నాలుగోది గొంతు దాటలేదు.

"ఆ చివరిది ఏడా అండీ?" అన్నాడు వాచ్‌మన్, బాబాయి భుజం మీదుగా లారీ వైపు చూస్తూ.

బాబాయి వెనక్కి తిరగలేదు. తిరగనవసరం లేదు. బ్రోకరు పెట్టేయగానే చేతిలో ఫోను మోగింది. ఎత్తేటప్పుడు స్పీకరు నొక్కుకుపోయిందని చూసుకునే స్థితిలో అతను లేడు.

"ఎక్కడ చచ్చారండీ పొద్దున్నుంచీ! లోడొప్పుకుని నేనిక్కడ అబద్ధాలాడలేక చస్తున్నా. ఎవడో పార్టీ మన బండికి ఎవరూ లోడివ్వొద్దని ఊరంతా చాటించాడట. ఆ మహానుభావుడి మొహం ఒక్కసారి చూడాలనుంది!"

"చూద్దువుగానిలే," అన్నాడు బాబాయి నీరసంగా.

మేనేజరుకి విషయం అర్థమవడానికి కొంత సమయం పట్టింది. "గోడౌను ఇవతలే కదండీ. ఈ బండి చాలుగా. మరి పొద్దుట చెప్పరేం?"

బాబాయి తలొంచుకున్నాడు. "అవతలనుకున్నానండీ. నా పర్మిట్టు చాలదని చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నది ఇదొక్కటే బండి."

"సరే. లారీ అయితే వేళకి ముందే వచ్చింది. ఆలస్యమంతా మధ్యవర్తులది. ఇకమీదట నాకు మధ్యవర్తులొద్దు, నేరుగా ఓనరుతోనే కాంట్రాక్టు. కాగితాలు ఎవరి పేర ఉన్నాయి?"

"మా ఆవిడ పేరనండీ."

మేనేజరు చెయ్యి చాచి ఫోనందుకున్నాడు. షరతులన్నీ ఆవిడతోనే మాట్లాడుకున్నాడు. ఆవిడ రెండింటికి ఒప్పుకుని, ఒకదానికి చక్కగా "కుదరదండీ" అంది. ఆ మాట అంత తేలిగ్గా అనొచ్చని బాబాయికి ఇన్నేళ్ళూ తెలియదు. ఆఖర్న మేనేజరు అడిగాడు, "మరి డ్రైవరు ఎలాంటివాడమ్మా? నమ్మొచ్చా?"

ఆవిడ అంది, "అలవాటైపోయాడండీ, మార్చలేం."

ఆ విధంగా ఆ ఫ్యాక్టరీలో ముగ్గురు మధ్యవర్తుల్ని తీసేశారు. వారిలో ఒకడు వెంటనే లారీ ఎక్కి పనిలో చేరాడు.