నాగేశ్వరయ్య విన్న మాట

బడి తెరవడానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయనగా నాగేశ్వరయ్య పొద్దున్నే స్నానం చేసి, కాగితం మీద జాబితా రాసుకున్నాడు. సోమందేపల్లెకు దగ్గర్లోని ఆ ఊళ్లో ఆయనకు సూదీ దారం నుంచి పలకా బలపం దాకా అన్నీ దొరికే అంగడి ఉంది. బడి తల్లిదండ్రుల కమిటీలో పెద్దరికమూ ఉంది. ఎవరి పిల్లకు సంచి లేదు, ఎవరి పిల్లవాడికి బూట్లు లేవు అని ఇల్లిల్లూ తిరిగి సర్దిపెట్టే పని ఏటా ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకుంటాడు. ఆయనకు లేనిదల్లా చెవుడు వచ్చిందని ఒప్పుకునే ధైర్యం. కొడుకు రవికుమార్ కొనిచ్చిన చెవి మిషను బీరువాలో భద్రంగా ఉంది.

అప్పుడే హెడ్మేడమ్ యశోదమ్మ ఫోన్ చేసింది. కుట్టడానికి ఇచ్చిన యూనిఫాం చొక్కాలు గుండీలు లేకుండానే తిరిగి వచ్చాయని ఆమె గోడు. చొక్కాల ముక్క చెప్పే సమయానికి నాగేశ్వరయ్య ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటున్నాడు.

"అన్నా, గుండీలు తప్పనిసరి అని అందరికీ చెప్పల్ల."

ఆయనకు 'గుండ్లు' అని వినిపించింది. మళ్లీ చెప్పమంటే గుట్టు బయటపడుతుంది. అందుకని తెలివిగా అడిగాడు.

"ఆడపిల్లలకు కూడానా మేడమ్?"

"వాళ్లకే ముఖ్యం కదన్నా! ఆడాడ వదిలేసినారంటే చూసేదానికి అసహ్యంగా ఉంటాది."

"నిజమే, నిజమే" అన్నాడు నాగేశ్వరయ్య.

కమిటీ వాట్సాప్ గ్రూపులో ఆయన చెప్పింది రాసిపెట్టేది అయిదో తరగతి చదివే మనవరాలు హరిత. బడి తెరిచే రోజు రెండు జడలు వేసుకోవాలని ఎర్ర రిబ్బన్లు ఎంచిపెట్టుకున్న పిల్ల. బడి పిల్లలందరికీ గుండ్లు తప్పనిసరి అని రాస్తూ, మధ్యలో ఆపి తలెత్తింది.

"తాతా, నాకు కూడానా?"

"కమిటీ పెద్ద మనవరాలే తప్పించుకుంటే జనం ఏమనుకుంటారు చెప్పు?"

హరిత మెసేజ్ పంపేసింది.

మంగలి కుళ్లాయప్ప ఒక్కడికి చేతులు చాలక పెనుకొండ నుంచి బావమరిదిని పిలిపించుకున్నాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం బిడ్డను వెంటబెట్టుకుని అంగడి మీదికి వచ్చింది.

"ఏమప్పా శెట్టీ, వచ్చే నెల మా తమ్ముని పెండ్లి ఉండాది. గుండుతో పిల్లను యాడ నిలబెట్టేది?"

"నియమం అందరికీ ఒకటేనమ్మా" అన్నాడాయన. అంతటితో ఊరుకోక, దగ్గరుండి మరీ చేయించాడు.

వాన పడక విత్తనం వేయలేక ఖాళీగా ఉన్న బయ్యన్నకు ఇంకో ఆలోచన వచ్చింది. "ఎట్లా తీసే వెంట్రుకలే కదా, ఇంటిదేవునికిస్తే పుణ్యమన్నా వస్తాది" అని ఎనిమిది మంది పిల్లలను ట్రాక్టర్‌లో ఎక్కించుకుని గుడికి తీసుకుపోయాడు. వచ్చి ఓళిగలు చేయించి ఊరందరికీ పెట్టాడు. నాగేశ్వరయ్య మూడు తిని, క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పాడు.

అనుమానం వచ్చినవాళ్లు లేకపోలేదు. కానీ మేడమ్ ఆ గ్రూపులో లేదు. అనంతపురంలో ట్రైనింగ్‌లో ఉండి ఫోన్ కూడా ఎత్తలేదు. "అందరికీ తప్పదా మేడమ్?" అని ఎవరో మెసేజ్ పెడితే, చొక్కాల గురించే అనుకుని బొటనవేలి బొమ్మ పంపింది.

బడి తెరిచిన రోజు యశోదమ్మ బస్సు దిగి గేటు దగ్గరే నిలబడిపోయింది. గంధం పూసిన ముప్పై నాలుగు గుండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి కింద చొక్కాలన్నీ పిన్నీసులతో వేలాడుతున్నాయి.

"ఊర్లో ఎవరన్నా పోయినారా?" అంది భయంగా.

"మీరే కదా మేడమ్ గుండ్లు చేయించమనింది!" అంది లక్ష్మీదేవమ్మ.

"గుండీలమ్మా! చొక్కాలకు గుండీలు!"

నాగేశ్వరయ్య గభాలున నీళ్ల ట్యాంకు వెనక్కి జరిగాడు. అంగడిలో నాలుగు సొరుగుల నిండా గుండీలే. వాటిని అమ్ముకుని బతికే మనిషికి ఆ మాటే వినపడలేదు. సిగ్గుతో ఆయన ట్యాంకు చాటున ఇంకాస్త ఒదిగాడు.

"మరి ఎవరు చెప్పినారు?"

వరుసలోంచి హరిత ముందుకు వచ్చింది. గుండు కనపడకుండా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"నేనే మేడమ్. తాత గుండీలనే చెప్పినాడు. నేనే తప్పు రాసి, మీరు చెప్పింది అదేనని తాతను కూడా నమ్మించినా."

"ఇంత పిల్ల ఎంత పని చేసిందే!" అంటూ లక్ష్మీదేవమ్మ తిట్టడం మొదలుపెట్టింది. తక్కిన తల్లులూ గొంతు కలిపారు. నాగేశ్వరయ్యకు ఆ తిట్లు ఒక్కటి పొల్లుపోకుండా వినపడ్డాయి. అక్కడే ఉండిపోతే పరువు దక్కుతుంది. ఒక్క క్షణం ఉండిపోదామనే అనుకున్నాడు కూడా. అలా అనుకున్నందుకు కలిగిన సిగ్గు ముందు మొదటి సిగ్గు ఏపాటిది!

బయటికి వచ్చి మనవరాలి పక్కన నిలబడ్డాడు.

"పాపను ఏమీ అనొద్దండి. నేను చెప్పింది చెప్పినట్టే రాసింది. నాకు చెవుడు. ఏడాదిగా దాచిపెట్టినా. నాదే తప్పు."

ఆ మాట మాత్రం ఎవరికీ ఇంకోలా వినపడలేదు.