అలకు అడ్డం రాకండి

మా ఊరికి పట్టిన అదృష్టం ఏదని అడిగితే కెమెరాలే అంటాను. నమ్మనివాళ్లు తెల్లవారకముందే మా ఫూ యెన్ తీరానికి వచ్చి చూడండి. ఇసుక మీద మనిషి కాళ్లకంటే కెమెరా కాళ్లే ఎక్కువ!

వాళ్లు రాకముందు అలంటే మాకేం తెలుసు? పడవను బోర్లా వేసేది, వలను చింపేది, అప్పుడప్పుడూ ఒకరి మొగుణ్ణి మింగేది. అంతే. అది పట్టుగుడ్డలా ఉంటుందని సైగాన్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు చెబితేగాని తెలియలేదు. కెమెరా కన్ను నిమిషంసేపు తెరిచి ఉంచితే నీళ్లు పొగమంచవుతాయట. ఆ నిమిషంలో కదిలినవాడు పాపాత్ముడు.

ఆ పాపాత్ములం మేమే. నెత్తళ్లతో బుట్ట పడవ ఒడ్డుకు తెస్తుంటే అరుపులు.

"ఆగు మామా, ఆగు! అలను పాడుచేస్తున్నావ్!"

"చేప పాడవుతోందిరా నాయనా!"

"ఒక్క నిమిషం! వెలుగు పోతుంది!"

నిజమే కదా. చేప రేపైనా దొరుకుతుంది. సూర్యుడు మళ్లీ రేపు వస్తాడా ఏమిటి!

పొరుగింటి బాంగ్ ఇప్పుడు చేపల్లేని చోట, సూర్యుడికి ఎదురుగా, ఉదయానికి పదిహేనుసార్లు వల విసురుతాడు. గుండ్రంగా పడితే చాలు. మొన్న పొరపాటున ఒక చేప పడింది. "తీసెయ్, వల వంకరవుతోంది" అన్నారు. తీసేశాడు. ఇంత క్రమశిక్షణ మాకు ఏ ప్రభుత్వం నేర్పింది?

నేర్చుకోనిది మా ఆవిడ లాయ్ ఒక్కతే. పదకొండేళ్లు, తలకు నీలం గుడ్డ చుట్టి, భుజాన కావడితో, నా పడవ కనబడేదాకా నీటి అంచునే నిలబడేది.

"అత్తా, పక్కకి జరుగు!"

"మీరే జరగండి. నా మొగుడు ఇటునుంచే వస్తాడు."

జరిగేది కాదు. మొండిది.

నాలుగు నెలల క్రితం పోయింది. మా ఇళ్లలో పోయినవాళ్ల ఫొటో పీట మీద పెట్టి అగరొత్తి వెలిగించాలి. ముఖం లేని పీటకు పోయిన మనిషి ఎలా వస్తుంది? ఇంట్లో ఉన్నది గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మ. పెద్దది చేయిస్తే అదీ పొగమంచే అయింది. నేను కంగారుపడలేదు. పదకొండేళ్లు అన్ని కెమెరాల ముందు నిలబడినదానికి ఫొటోకి కరువా!

ఏటా వచ్చే తోవాన్‌ను పట్టుకున్నాను. బహుమతుల ఫొటోగ్రాఫర్.

"నీలం గుడ్డ అత్తా? ప్రతి ఫొటోలోనూ పడేది మామా! చెరపలేక చచ్చేవాళ్లం."

"చెరపనిది ఒక్కటి లేదా?"

"అడ్డొచ్చినవి ఎవరుంచుకుంటారు?"

మంచివాడు. బహుమతి వచ్చిన అలకు అద్దం కట్టించి ఊరికే ఇచ్చాడు. దాన్నే పీట మీద పెట్టాను. కుడి మూల, నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నచోట, మా ఆవిడ నిలబడి ఉంది. రోజూ అక్కడికే చూస్తూ అగరొత్తి గుచ్చుతాను. చెప్పొద్దూ, తోవాన్ పనిమంతుడు. నీలం మరకైనా మిగల్చలేదు.