మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో త్రియంత్ర మూర్ఛాభంగము

ఓ ఈగలారా! గుజ్జు డ్రమ్ముల అంచులు వదలి, క్షణకాలము రెక్కలు ముడిచి ఆలకింపుడు!

తోతాపురి కాయల ట్రాక్టర్లు రహదారి అంచున రెండు మైళ్ల పొడవున చతురంగబలమువలె బారులు తీరిన జ్యేష్ఠమాసమందు, బంగారుపాళ్యమునకు కూతవేటు దూరమున, తన పరిమళముచే నాలుగూళ్ల ఈగలకు ఏకైక రాజధానియైన ఒకానొక మామిడి గుజ్జు ఫ్యాక్టరీయందు, శనివారము ఉదయము పది గంటలకు, ఐరాల మండల వీరకన్యయు, పాలిటెక్నిక్ డిప్లొమా ధారిణియు, ఎదుటివారు పేరు పెట్టి పిలిచిన తక్షణమే చున్నీ కొన మెలిపెట్టుకొనునదియు, ఉద్యోగమునకు వచ్చి ఇంకను ఇరువది దినములు నిండనిదియు అగు కోమలి, యూనిక్సు అను మూడు కంప్యూటరు యంత్రముల ఎదుట ప్లాస్టిక్ కుర్చీని అధిష్ఠించెను.

ఆ యంత్రములకు తోతాపురి, నీలము, ఖాదరు అని మామిడి పేర్లు. గుజ్జు ఉడుకునపుడు దాని వేడి ఎంతయో నిమిషనిమిషమునకు వ్రాసిపెట్టుట వాని ధర్మము. ఆ వ్రాత లేని గుజ్జును కొనువాడు కన్నెత్తి చూడడు. రాత్రింబవళ్లు మేల్కొని ఉండవలసిన ఆ మహాయంత్రములు నాలుగు వారములుగా, ప్రతి శుక్రవారము, ఉదయము తొమ్మిదిన్నరకు పనివారు వచ్చి చూచుసరికి మూడును మూర్ఛిల్లి పడియుండుచున్నవి. ఎప్పుడు పడినవో తెలియదు. ఎవరు పడగొట్టిరో తెలియదు. మొదటి వాయి గుజ్జు మాత్రము ప్రతివారము పారబోతయే.

తెలియదను మాట సహింపని పురుషుడు మేనేజరు ఢిల్లీబాబు. రాత్రివేళ ఆ గది తాళపుచెవి ఎవరి మొలకు వ్రేలాడునో వారే దోషియని అతడు నిశ్చయించెను. అది కాపలాదారు కుప్పయ్య మొల. ఆ వృద్ధుని టార్చిలైటును, ఈలయును బల్లమీద పెట్టించి, ఢిల్లీబాబు విచారణ సాగించుచుండెను.

“దోమలకు ఫ్యాను ఏయబోయి ఈ మిషన్ల స్విచ్చి నొక్కినావేమో సూడప్పా. నిద్రలో మనిషికి ఏం తెలస్తాది?”

“నిద్రపోతే గదా సార్, నిద్రలో నొక్కేది!”

“తొమ్మిదేండ్లుగా కాపలా కాస్తా ఉండావు. ఒక్కనాడైనా కునుకు తీయలేదా?”

కుప్పయ్య అసత్యమాడనివాడు గనుక బల్లమీది ఈలను కొంచెము పక్కకు జరిపెను.

“సరే. ఈ పాప ఏందో సాఫ్ట్‌వేరు పెడతా ఉండాది. మధ్యాన్నానికల్లా అదే సెప్తాది ఎవురో. నువ్వే అయితే టార్చీ ఈడనే ఉంటాది, నువ్వు ఇంటికి పో.”

ఆ మాట కోమలి వీపున బాణమువలె నాటెను. తాను చేరిన మొదటి దినమున, గేటు లోపలికి రాను జంకి అరగంట బయటనే నిలిచినపుడు, “రా అమ్మణ్ణీ, ఈడ ఎవురూ కరవరు, కుక్క తప్ప” అని పిలిచినవాడు ఆ కుప్పయ్యయే.

సంగ్రామ కారణము వినుడు. యూనిక్సు యంత్రము తనకు జరిగిన ప్రతి సంగతిని లాగ్ ఫైలను పుస్తకములో దినచర్యవలె వ్రాసికొనును. ఒక్క దినమునకు వేలకొలది పంక్తులు. మూడు యంత్రముల దినచర్యలను కాపలా కాచి, ముఖ్యమైన పంక్తులను ఏరి, ఒక్క తెరమీద చూపు సాఫ్ట్‌వేరును స్థాపించుటయే కోమలికి అప్పగింపబడిన దిగ్విజయము.

ప్రథమ సమరము డౌన్‌లోడుతో. ఫ్యాక్టరీ ఇంటర్నెట్టు నాలుగు దినములుగా లేదు గనుక ఢిల్లీబాబు సెల్‌ఫోను హాట్‌స్పాటే శరణ్యము. సాఫ్ట్‌వేరు తొంబది శాతము దిగి, విజయలక్ష్మి గుమ్మములో చెప్పులు విప్పుచున్న వేళ, అతని భార్య ఫోను చేసెను. నెట్టు తెగెను. ములక్కాయలు తేవలసియున్నది. రెండవమారు తొంబది నాలుగు. మరల ఫోను. ములక్కాయలు వద్దు, వంకాయలు. మూడవమారు ఆ సాధ్వికి ఏ కూరయు తోచకుండుగాక అని కోమలి కాణిపాకము వినాయకునికి మ్రొక్కెను. తోచలేదు.

ద్వితీయ సమరమున యంత్రము “అనుమతి లేదు” అని తలుపు మూసెను. ఆ తలుపు తెరచు రూట్ పాస్‌వర్డ్ రహస్యము. దానిని ఢిల్లీబాబు ఆమె చెవిలో చెప్పబోయి, బాయిలరు మోతకు గొంతు పెంచినందున, క్యాంటీనులో దోసెలు వేయువారికి కూడ తెలిసిపోయెను.

తృతీయ సమరము ఘోరము. అమరికల ఫైలులో ఇరువదియేడు పంక్తులు. ఎక్కడనో ఒక తప్పున్నదని సాఫ్ట్‌వేరు కదలనన్నది, ఎక్కడనో చెప్పనన్నది. కోమలి చూపుడువ్రేలిని ఖడ్గమువలె తెరకు ఆన్చి, పంక్తి వెంట పంక్తి, అక్షరము వెంట అక్షరము చీల్చుకొనుచు పోగా, పదునొకండవ పంక్తి మొదట రెండు ఖాళీ స్థలములు లోపించియుండెను. శూన్యము లేకపోవుటయే నేరమైన ఆ యుద్ధమున ఆమె స్పేసు మీటను రెండుమార్లు నొక్కెను. తోతాపురి మేల్కొనెను. అదే మంత్రముచే నీలమును, ఖాదరును మేల్కొనెను. మూడు దినచర్యలు ఒక్క తెరమీద గంగాప్రవాహమువలె దిగివచ్చెను.

ఢిల్లీబాబు ముందుకు వంగి, నిన్నటి శుక్రవారపు పంక్తులను బిగ్గరగా చదివెను.

“మూడూ నలభై, తోతాపురి, పవర్ బటన్ నొక్కినారు. మూడూ నలభై ఒకటి, నీలం. మూడూ నలభై రెండు, ఖాదర్. సూసినావా కుప్పయ్యా! తెల్లారుజామున మూడూ నలభైకి ఈడ ఎవురుంటారు? నువ్వు!”

“ఆ టైముకి నేను గేటు కాడ టీ తాగతా ఉంటి సార్!”

“ఎవురు సూసినారు?”

“కుక్క.”

ఢిల్లీబాబు టార్చిలైటును సొరుగులో వేయబోయెను. అప్పుడు, ఓ ఈగలారా, కోమలి దృష్టి తెర అడుగున అప్పుడే వచ్చి వ్రాలిన పంక్తిపై పడెను. ఆమె అంతరంగమున లేచిన గర్జన ఇది: “నిలువుము, మేనేజరోత్తమా! నిరపరాధిని శిక్షింపబోవు నీ హస్తమును ఉపసంహరింపుము! కాలమే కూటసాక్ష్యము పలుకుచున్నది. ఆ కుట్రను నేడు సభాముఖమున ఛేదించెదను!”

నోటివెంట వచ్చినది ఇది:

“సార్... గడియారం.”

“ఏం? నిలిచిపోయిందా?”

“లేదు సార్.” చున్నీ కొన ఈపాటికి త్రాడయ్యెను. “గోడమీద పదకొండూ నలభై. మిషన్ ఇప్పుడు రాసిన లైన్లో ఆరూ పది. దీన్ని పెట్టినోళ్లు మన టైము సెట్ చేయలా. గ్రీనిచ్ టైములో రాస్తా ఉండాది. అయిదున్నర గంట కలపాల సార్.”

ఢిల్లీబాబు వ్రేళ్లు మడిచెను. కుప్పయ్యయు మడిచెను. కుప్పయ్య లెక్క ముందు తెగెను.

“తొమ్మిదీ పది! తొమ్మిదీ పదికి నేను ఐరాలలో ఆవుకు తవుడు కలపతా ఉంటి సార్! ఊరంతా సూసినారు!”

“మరి తొమ్మిదీ పదికి ఈ గదిలో ఎవురుంటారప్పా?”

“నేనే గదా సార్” అని వాకిట పలికెను, చీపురు చేతపట్టిన పెంచలమ్మ. గదులు ఊడ్చి తుడుచు ఆమెయే. “మీరు సెప్పినట్టే శుక్రవారం శుక్రవారం మూడిటికీ పూజ సేసి బొట్టు పెడతా ఉండా.”

అందరి చూపులును యంత్రముల ముందరి గుండ్రని బటన్లపై పడెను. మూడును కుంకుమతో ఎర్రబడి కాణిపాకము కొబ్బరిచిప్పలవలె ఉండెను.

“బొట్టు... ఆడనా పెట్టేది?”

“నుదురు లేకుండా యాడ పెట్టేది సార్? నల్లటి డబ్బాకి వెలిగేది అదొక్కటే. అదే నుదురనుకుంటి.”

“ఒత్తినావా?”

“ఒత్తకుంటే కుంకం నిలస్తాదా? పోయిన వారం మీరే గదా, మిషన్లకు దిష్టి తగిలిండాది, బాగా గట్టిగా పెట్టు పెంచలమ్మా అంటిరి!”

మేనేజరు ముఖము తెర అద్దములో ఆయనకే కనబడెను. ఆయన టార్చిలైటును తన చొక్కాతో తుడిచి, కుప్పయ్య చేతిలో పెట్టి, “బ్యాటరీ కొత్తది ఏపిస్తాలే” అనెను. క్షమాపణ ఆ ఫ్యాక్టరీలో అంతకుమించి పొడవు ఎన్నడును ఎరుగదు.

“అయితే పూజ మానేద్దామా?” అని ఆయన గొణిగెను.

“మానేస్తే ఊరుకుంటాడా దేవుడు?” అని పెంచలమ్మ చీపురెత్తెను.

అప్పుడు కోమలి ఆ దినమున రెండవమారు, ఎవరును అడుగకయే నోరు తెరచెను. “పెంచలమ్మక్కా, రెండంగుళాలు పైన పెట్టు. నుదురు ఇంకా పైన ఉంటాది.” అని, పెన్సిలు తీసి మూడు డబ్బాలపై మూడు సున్నలు గీసి, గడియారములను మన దేశకాలమునకు మార్చెను.

తరువాతి శుక్రవారము తొమ్మిదీ పది. ఉదయము ఆరు గంటలకే కాపలా ముగిసిన కుప్పయ్య ఇంటికి పోలేదు. ఆవు ఆకలితో ఉండెను. ఢిల్లీబాబు గోడగడియారము క్రింద నిలిచెను. పెంచలమ్మ బొటనవ్రేలు కుంకుమలో మునిగి, ఆకాశమునకు లేచి, తోతాపురి నుదుట, నీలము నుదుట, ఖాదరు నుదుట, గట్టిగా, మిక్కిలి గట్టిగా ఒత్తెను. కోమలి తెరను చూచుచుండెను. తొమ్మిదీ పదకొండు. తొమ్మిదీ పన్నెండు. పవర్ బటన్ అను మాట లేదు.

కుప్పయ్య ఈల ఊదెను. రహదారిపై ఒక ట్రాక్టరు బెదిరి ఆగెను.

దిక్కులారా, వినుడు! మూడు డబ్బాలపై మూడు బొట్లు రెండేసి అంగుళములు పైకి జరిగినవి! ఓ ఈగలారా, ఇక మీరు మీమీ డ్రమ్ములకు పోవచ్చును.