గోరింట కంచె ఒప్పుకున్నంత వరకు

చిలకలూరిపేటలో గోతాల వ్యాపారం చేసే నాగభూషణాన్ని ఒక బుధవారం సాయంత్రం సొంత ఇంటి గోరింట కంచె లోపలికి రానివ్వలేదు. అందులో వింతేమీ లేదు. ఇటుక ప్రహరీలు కొట్టేయించి ఇంటింటికీ పచ్చగోడ ఉండాలని మునిసిపాలిటీ తీర్మానించిన నాటినుంచి, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో చూసుకునే పని కంచెలదే. గేట్లు అనవసరమని తీసేశారు. కాగితాలపూల కంచె గొంతును బట్టి మనిషిని పోల్చుకుంటుంది, రాధామనోహరం తీగ నడకను బట్టి. గోరింటకు చెయ్యి గుర్తు. తన ఆకు కోసి పండించుకున్న చెయ్యి అయితే కొమ్మలు పక్కకు తప్పుకుంటాయి, కాకపోతే ముళ్ళు ముందుకొస్తాయి.

నాగభూషణం ఎన్నడూ ఆకు కోసి ఎరగడు. అయినా ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ఆషాఢం వచ్చిందంటే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఒడినిండా ఆకు దూసుకుపోయేవాళ్ళు. కంచె సగం బోడిగా, మనిషి దూరేంత సందులతో ఉండేది. ఆయన ఆ సందుల్లోంచే ఇంటికి వచ్చిపోతూ, ఆ సందులను చూసే బాధపడేవాడు. ఇచ్చినదానికి మారుగా ఏమీ రాకపోతే దాన్ని నష్టం అంటారని ఆయన లెక్క. అందుకని ఈ ఆషాఢానికి ‘ఆకు కోయరాదు’ అని బోర్డు కట్టించాడు. వానలకు కంచె గోతం కుట్టినంత చిక్కగా పెరిగింది. చిక్కబడ్డాక తన పని తాను మొదలుపెట్టింది.

భార్య కనకవల్లి లోపలినుంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. కంచె ఆమెకు దారి ఇచ్చి, ఆమె మణికట్టు దగ్గర మూసుకుంది. అంతలో ఎదురింటి మస్తాన్‌బీ పెరుగు తోడుకోసం వచ్చింది. ఆమెకు బండి పట్టేంత వెడల్పున తెరుచుకుంది. గిన్నెతో తిరిగి వెళ్తూ ఆమె ఆయన దగ్గర ఆగింది.

“ఏం శెట్టిగారూ, బోర్డు మాకు పెట్టారనుకున్నా. మీకేనా?”

కంచెను నరికితే గోడ పగలగొట్టిన నేరం. పైగా అది తన గోడ. తన సొత్తును తానే పాడుచేసుకోవడం ఆయన లెక్కలో ఎటునుంచి చూసినా కుదరలేదు. ఆ పూటకు కొట్లోనే గోతాల మీద పడుకున్నాడు.

మర్నాడు పచ్చగోడల ఇన్‌స్పెక్టరు ఆరోగ్యరాజు వచ్చి, చెప్పులు విడిచి, కంచె పొడవునా నడిచి చూశాడు. ఇల్లు నాగభూషణం పేరునే ఉందన్నాడు, అందులో ఏ వివాదమూ లేదన్నాడు. అయితే ఇల్లు పేరున ఉండటం పన్ను కట్టడానికి పనికొస్తుందని, లోపలికి రావడం వేరే విభాగమని వివరించాడు.

“ఒక్కసారైనా ఆకు కోశారా?”

“నేనా? కోయకుండా ఆపినవాణ్ణి నేను.”

“అదే రాసుకుంటున్నా.”

మార్గం లేకపోలేదు. స్వయంగా ఆకు కోసి, అరచేతుల్లో పెట్టుకుని, పండాక కంచెకు చూపాలి. ఎంత ఎర్రగా పండితే అంత లోపలికి రానిస్తుంది.

నాగభూషణం తన బోర్డు తానే విప్పి, రెండు చేతులకు సరిపడా, ఒక్క రెమ్మ ఎక్కువ కాకుండా ఆకు కోశాడు. కనకవల్లి చింతపండు వేసి మెత్తగా రుబ్బుకొచ్చింది. మస్తాన్‌బీ రోడ్డు వార నులక మంచం వాల్చి ఆయన్ను కూర్చోబెట్టి, అరచేతుల్లో చందమామలు, చుట్టూ చుక్కలు పెట్టింది. దారినపోయేవాళ్ళు చూశారుగాని ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో చాలామంది మగవాళ్ళు అలాంటి మంచాల మీద కూర్చుని లేచినవాళ్ళే.

కొట్టు తెరిచిన నాటినుంచి ఆయన చేతులు ఊరికే ఉన్న సాయంత్రం అదొక్కటే. దేన్నీ ఎత్తలేడు, దేన్నీ తడిమి నాణ్యం చూడలేడు. ముక్కు దురదపెడితే కనకవల్లి గోకింది. పప్పన్నం కలిపి తెచ్చి ముద్దలు పెట్టింది. ఆయన నమలడం ఆపి, ఆమె బొటనవేలి పక్కనున్న మచ్చ చూసి, ఇదెప్పటిదని అడిగాడు. పెళ్ళికి ముందునుంచీ ఉందని చెప్పింది.

పొద్దునదాకా చేతులు కదిలించవద్దని కూడా చెప్పింది. ఇంతలో కొట్టు ముందు గోతాల లారీ వచ్చి ఆగిందని కబురొచ్చింది. ఆయన కాసేపు చేతుల వైపు, కాసేపు రోడ్డు వైపు చూశాడు. చేతులు ఎప్పుడైనా పండించుకోవచ్చు, లారీ మాత్రం ఆగదు. అలా తేల్చుకుని వీధి కుళాయి కింద కడిగేసుకున్నాడు.

“ఇంకాస్త ఆగితే ఏం పోయేదండీ?” అంది కనకవల్లి. అప్పటికే ఆయన మలుపు తిరిగాడు.

మర్నాటికి చేతులు లేత నారింజ రంగులో తేలాయి. కంచె వాటిని చాలాసేపు పరిశీలించి, ముళ్ళు వెనక్కి తీసుకుని, మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి ఇచ్చింది. ఆయన వాకిలి దాటి వరండా ఎక్కాడు. గుమ్మానికి అల్లుకున్న మల్లెతీగ, కంచెతో ముందే మాట్లాడుకున్నట్టు, అడ్డంగా వాలింది.

ఆరోగ్యరాజు దాన్ని వరండా తరగతిగా నమోదు చేశాడు. వచ్చే ఆషాఢందాకా అదే అమలు.

“బాధపడకండి. ఊళ్ళో వ్యాపారస్తులది, ఉద్యోగస్తులది ఎక్కువగా ఇదే తరగతి,” అన్నాడు. “చాలామందికి తేడా తెలియలేదు కూడా.”

నాగభూషణం ఆ సాయంత్రం వరండా కుర్చీలో కూర్చుని, కొత్తగా ఏం పోయిందో లెక్క వేయబోయాడు. కొట్టు ఉంది, ఇల్లు ఉంది, వేళకు భోజనం వస్తోంది. పోయినదాని పేరు ఎంతకీ తట్టలేదు. లోపల మస్తాన్‌బీతోపాటు వీధి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు దేనికో పడీపడీ నవ్వుతున్నారు. దేనికో ఆయనకు తెలియలేదు. ఎవరినైనా అడగడం మర్యాద కాదేమో అనిపించింది.

మల్లెతీగ పక్కకు తప్పుకోగా కనకవల్లి గుమ్మంలోకి వచ్చింది.

“టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?”

ఆయన కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

“మీ ఇంట్లో ఎలా తాగుతారో అలాగే ఇవ్వండి.”

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. టీ వచ్చింది, బాగుంది. చీకటి పడేదాకా కూర్చుంటే ఏం బాగుంటుందని, ఆయన గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి లేచాడు.