గడియారం జట్టూ గాలివాన జట్టూ

ఆ ఆదివారం ఉదయం గొడవ ఉప్పు డబ్బా దగ్గర మొదలైంది.

"ఎడమ పక్కన ఉండాల్సిన డబ్బా కుడి పక్కకి ఎందుకొచ్చిందండీ?" అంది ఇల్లాలు, పొయ్యి ముందు నిలబడి వెనక్కి తిరక్కుండానే.

"దానికి కాళ్లొచ్చుంటాయి," అన్నాడు భర్త పేపరు తిప్పుతూ.

"దానికి రాలేదు, మీకొచ్చాయి. రిటైరైన దగ్గర్నుంచీ తిన్నగా వంటింట్లోకే నడుస్తున్నాయి."

"అబ్బ, ఉప్పు ఏ పక్కనుంటే ఏంటే? కూరలో పడితే చాలదూ!"

"రైలు ఏ పట్టా మీదుంటే ఏంటి, ఊరు చేరితే చాలదూ అని మీరు డ్యూటీలో ఉండగా ఎప్పుడైనా అన్నారా?"

ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ టీ తాగడం కూడా రెండు రైళ్ల మధ్య సందులోనే. అలాంటి మనిషి, దండలు వేసి పంపించిన మర్నాడే చేతి గడియారం విప్పి బీరువాలో పడేసి గరిటె పట్టుకున్నాడు. వంట చెడగొట్టేవాడైతే ఇల్లాలికి ఏ చిక్కూ ఉండకపోను. బాగా చేస్తాడు, అదీ బాధ. కాకపోతే కొలత లేదు, వరస లేదు. తోచింది తోచినప్పుడు వేస్తాడు. వంటయ్యాక ఆ గదిలోకి అడుగుపెడితే వరద తీసిన ఊరిలా ఉంటుంది. ఒక మూత దొరికితే డబ్బా దొరకదు, డబ్బా దొరికితే అందులో ఉండాల్సింది ఉండదు.

ఆవిడ వంటిల్లు అలాంటిది కాదు. కళ్లు మూసుకుని చెయ్యి చాస్తే కావాల్సిన డబ్బా వేళ్లకి తగలాలి. ఇంట్లో హాలు అందరిదీ, పడగ్గదిలో సగం బీరువా ఆయనది, మూలగది అమ్మాయిది. వంటిల్లొక్కటే ఆవిడది. ఆ సంగతి పైకి ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం ఇంతకాలం రాలేదు.

"పొద్దున్నే మొదలెట్టేశారా?" అంటూ వచ్చింది కాలేజీలో చదువుతున్న కూతురు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఇంట్లో ఆ పిల్లని పిచ్చుక అంటారు. "ఇంకాసేపు ఓపిక పట్టండి. పదకొండింటికి ఫైనల్. వంటిల్లు ఎవరిదో అక్కడే తేలిపోతుంది."

ఆ ఫైనల్ ఒక వాలీబాల్ సీరియల్‌ది. మొదట్లో ఇల్లాలు దాన్ని బొమ్మల సినిమా అనేది. "బొమ్మల సినిమా కాదమ్మా, యానిమే," అని కూతురు పళ్లు నూరేది. ఆ పిల్ల కోసం పక్కన కూర్చోవడం మొదలుపెట్టిన తల్లీ తండ్రీ ఎప్పుడు జట్లుగా చీలిపోయారో వాళ్లకే తెలీదు. తెల్లచొక్కాల జట్టుకి ఇల్లాలు పెట్టిన పేరు గడియారం జట్టు. వాళ్ల కెప్టెన్ ఒక వేలెత్తితే ఆరుగురూ ఒక్క మనిషిలా కదులుతారు. బంతి వచ్చే చోటికి చెయ్యి ముందే వెళ్లి ఉంటుంది. నారింజరంగు చొక్కాలవాళ్లది గాలివాన జట్టు. తర్వాత ఏం చెయ్యబోతున్నారో ఎదుటివాళ్లకి తెలీదు, వాళ్లకీ తెలీదు. పడతారు, దొర్లుతారు, ఒకరినొకరు గుద్దుకుంటారు, ఎలాగో బంతి అవతల పడుతుంది. స్టేషన్ మాస్టరు గాలివాన తరఫున సోఫా మీద ఎగిరేవాడు. పోయిన వారం సెమీఫైనల్ అయ్యాక ఆ ఊపులోనే పందెం పడింది: ఎవరి జట్టు గెలిస్తే వంటింట్లో వాళ్ల మాటే చెల్లాలి. ఓడినవాళ్లు మంచినీళ్లకి తప్ప లోపలికి రాకూడదు.

"పందెం పందెమే కదండీ?" అంది ఇల్లాలు.

"పందెమే," అన్నాడాయన. చేతిలో టీ ఉండి కూడా గుటక ఉత్తినే మింగాడు. ఆవిడ అది చూసింది గానీ, టీ వేడిగా ఉందనుకుంది.

ఇల్లాలికి ఒక అలవాటుంది. నవల ఏదైనా ఆఖరి పేజీ ముందు చదివాక గానీ మొదటి పేజీ తిప్పదు. ముగింపు తెలిస్తే స్థిమితంగా చదువుకోవచ్చని ఆవిడ వాదన. ఆ సీరియల్ దాని సొంత భాషలో ఎప్పుడో వచ్చేసిందనీ, ఫైనల్ కూతురు ఫోనులోనే ఉందనీ, అమ్మానాన్నల కోసం అది చూడకుండా నోరు కట్టుకుని తిరుగుతోందనీ ఆవిడకి తెలుసు. పిల్ల స్నానానికి వెళ్లగానే ఫోను పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. శబ్దం ఆపేసి, తిన్నగా ఆఖరి నిమిషానికి జరిపింది.

నారింజ చొక్కాలవాళ్లు కప్పెత్తి గంతులేస్తున్నారు. తెల్లచొక్కాలవాళ్లు మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నారు.

ఆవిడ ఫోను ఎక్కడిది అక్కడ పెట్టేసి వంటింట్లోకి వచ్చి నిలబడింది. అరల్లో డబ్బాలు పొడుగు వరసన నిలబడి ఆవిడ వంకే చూస్తున్నట్టున్నాయి. మంచినీళ్లకి మాత్రం రావచ్చు. అది కూడా అడిగి.

ఆట ఆగదు, చూడటం ఆపొచ్చు. చూడకపోతే పందెం తేలదు. ఈ న్యాయం ఎంతవరకూ నిలుస్తుందో ఆలోచించే ఓపిక ఆ క్షణంలో ఆవిడకి లేదు. రిమోట్‌లో బ్యాటరీలు తీసేసింది. కొంగున ముడేసుకుని తిరిగే మనిషి కాదు, ఏ మూలో విసిరేసే మనిషి అంతకన్నా కాదు. వస్తువుకి ఒక చోటుంటుంది. తీసుకెళ్లి బ్యాటరీల డబ్బాలో పెట్టింది.

"అమ్మా, రిమోట్‌లో బ్యాటరీలు ఏవీ?" అని అరిచిన కూతురు, జవాబు కోసం చూడకుండానే బ్యాటరీల డబ్బా తీసి వేసేసుకుంది.

ఇల్లాలు నాలిక కరుచుకుని రెండో ఎత్తు వేసింది. ఎదురింట్లో బట్టలు కుట్టే టైలరమ్మ ఉంది. నోరు తెరిస్తే పూట గడిచిపోతుంది. గుమ్మంలోకి వెళ్లి కేకేసింది. "వదినా, హాల్లో కర్టెన్లకి కొలతలు తీసుకోవాలి. సరిగ్గా పదకొండింటికి రాగలవా?"

"ఆదివారం పూటా? నీకోసం వస్తాలే. కానీ గంటలో వదలాలి," అంది టైలరమ్మ. ఆవిడ గంట ఎంతుంటుందో వీధందరికీ తెలుసు.

ఇల్లాలు లోపలికి వచ్చేసరికి భర్త టీవీ వెనకనుంచి లేస్తున్నాడు, మోకాళ్లకి దుమ్ముతో.

"వైరు వదులుగా ఉందేమో చూస్తున్నా," అన్నాడు అడక్కుండానే.

చూసిన ఫలితంగా టీవీ నల్లగా అయిపోయింది. కూతురు గబగబా వంగి ఊడిన వైరు తగిలించి బొమ్మ తెప్పించింది. ఆయన ముఖం వాడింది. "అయినా పైన కూడా ఒకసారి చూసొస్తా. ఈ కేబుల్‌ని నమ్మకూడదు," అంటూ మేడ మీదకి పోయాడు. కాసేపటికి పైన ఏదో లాగిన చప్పుడు, ఏదో తెగిన చప్పుడు, ఆ వెనకే ఎవరిదో కొత్త చొక్కా గాల్లో తేలుతూ వచ్చి కిటికీ ముందు వీధిదీపానికి తగులుకుంది. హాల్లో టీవీ చచ్చిపోయింది.

తల్లో బూజుతో దిగొచ్చాడు స్టేషన్ మాస్టరు. "గాలికి తెగినట్టుంది."

బయట ఆకు కూడా కదలడం లేదు. కర్టెన్ అంచు నిటారుగా వేలాడుతోంది. మరో రోజైతే ఇల్లాలు ఆ మాటని అక్కడే పట్టుకుని ఉతికి ఆరేసేది. ఇవాళ మాత్రం, పోనీలే, దేవుడు నా పక్షాన ఉన్నాడు అనుకుంది.

ఆ సంతోషం వీధి తలుపు మోగేదాకానే. టైలరమ్మ మెళ్లో టేపు, కళ్లల్లో నిప్పులతో లోపలికి వచ్చింది.

"ఎవరు లాగారమ్మా మీ మేడ మీద? ఆ వైరుకి నా బట్టల తాడు కట్టుకున్నా. ఇస్త్రీకి సిద్ధంగా ఉన్న చొక్కాలన్నీ వీధిలో ఉన్నాయి! పైగా మా టీవీ పోయింది!"

"మీ టీవీ కూడానా?" అన్నాడు స్టేషన్ మాస్టరు నీరసంగా.

"మాదొక్కటేనా? వీధి మొత్తం పోయింది! అందరికీ వైర్లు మీ మేడ మీదనుంచే కదా!"

ఆవిడ వెనకాలే గుమ్మం నిండిపోయింది. పక్కింటి పిల్లలు, వాళ్ల వెనక కొసింటి మందుల షాపాయన, ఆయన భుజం మీదనుంచి తొంగిచూస్తూ మెట్ల కింద సైకిళ్లు బాగుచేసే ముసలాయన. వీధంతా ఆ ఫైనల్ కోసమే కూర్చుందని, సగం వీధి గడియారమనీ సగం గాలివాన అనీ, ఇల్లాలికి అప్పుడే తెలిసింది.

"మాస్టారూ, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క రైలూ ఆపలేదన్నారు. వీధి మొత్తాన్ని ఆపేశారే!" అన్నాడు మందుల షాపాయన.

"ఎవరూ కంగారు పడకండి!" అని పిచ్చుక ఎగిరింది. "నా దగ్గరుంది. తెలుగు మాటలు రావు గానీ, నేను చెప్తా."

"వద్దు!" అన్నారు తల్లీ తండ్రీ ఒకే గొంతుతో.

వాళ్లిద్దరూ ఏ విషయంలోనైనా ఒకే మాట అనడం ఆ ఇంట్లో చాలాకాలం తర్వాత జరిగింది. ఒకరినొకరు వింతగా చూసుకున్నారు. ఈలోగా భోజనాల బల్ల మీద బోర్లించిన గిన్నె మీద కూతురి ల్యాప్‌టాప్ ఎక్కింది, వీధి మొత్తం నేల మీద కూర్చుంది. బయటికి పోయే దారి లేక ఆలూమగలు మధ్యలో ఇరుక్కుపోయారు. టైలరమ్మ కర్టెన్ల మాటే మరిచిపోయింది.

ఆట మొదలైంది. ఇల్లాలు తెరకేసి చూడలేదు, గచ్చు మీద పలకలు చూస్తూ కూర్చుంది. కానీ చెవులకి కళ్లలా రెప్పలుండవు. గడియారం జట్టు అడుగు తప్పింది. గాలివాన జట్టు బంతిని కాలితో, తలతో, చివరికి గోడకేసి దొర్లి మరీ లేపింది. ఆవిడ తలెత్తక తప్పలేదు. గడియారం కెప్టెన్ వేలెత్తబోయి, దించేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా తనే గాలివాన వాడిలా ఒక పిచ్చి గెంతు గెంతాడు. బంతి అవతల నేలకి తగిలింది.

సగం వీధి లేచి అరిచింది.

"గడియారం!" అంటోంది పిచ్చుక. "అమ్మా, నీ జట్టే!"

ఇల్లాలికి బుర్ర తిరిగింది. నారింజ చొక్కాలు కప్పెత్తడం తను కళ్లారా చూసింది. అంతలో తెర మీద ఓడిన కెప్టెన్ వల దాటి వచ్చి తన చొక్కా విప్పి చాచాడు. కూతురు మెల్లగా తెలుగులో చెప్పింది: "'నీది ఒకసారి తొడుక్కోనీ. ఆట అటువైపునుంచి ఎలా కనపడుతుందో చూడాలి' అంటున్నాడు." ఇటు ఆరుగురూ అటు ఆరుగురూ చొక్కాలు మార్చుకున్నారు. ఆ తర్వాత వచ్చింది కప్పు.

ఆ బొమ్మల్లో ముఖాలన్నీ ఒక అచ్చులో పోసినట్టే ఉంటాయి ఆవిడకి. మనుషుల్ని కాదు, చొక్కాల్ని గుర్తుపట్టింది ఇన్నాళ్లూ. గెలిచిన ఆటని ఆపడానికి పొద్దుటినుంచీ పడిన పాట్లు తలుచుకుని నవ్వు రాబోయి, పక్కకి చూసి ఆగిపోయింది. భర్త ముఖంలో ఓడిన బాధ ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

వీధి ఖాళీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది. స్టేషన్ మాస్టరు టైలరమ్మ చొక్కాలన్నీ ఏరి, మళ్లీ ఉతికిస్తానని ఒప్పుకుని, వైరు అతకడానికి వచ్చిన కేబుల్ అతని చేత చీవాట్లు తిని భోజనానికి కూర్చున్నాడు. ఇల్లాలు కూర వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ముగ్గురూ ఆగారు.

"ఉప్పు లేదు," అంది కూతురు.

"డబ్బా కనపడలేదు. ఎడమా లేదు, కుడీ లేదు," అంది ఇల్లాలు. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీకు ముందే తెలుసు కదూ?"

ఆయన కంచంలో ముద్ద అటూ ఇటూ జరిపాడు. "నిన్న దీని ఫోనుకి అద్దం వేయించడానికి తీసుకెళ్లానా? షాపువాడు ఆలస్యమవుతుందన్నాడు. అక్కడ స్టూలు మీద కూర్చుని మొత్తం చూసేశా."

"నాన్నా!"

"మీ అమ్మనీ అడుగు. ఆ బ్యాటరీలకి కూడా కాళ్లొచ్చాయా?"

ఇల్లాలు తల దించుకుంది. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఓడితే ఓడారు. వీధి మొత్తం టీవీలు చీకటి చెయ్యాలా?" అంది ఇల్లాలు మెల్లగా.

"అది కాదే." ఆయన నీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "స్టేషన్లోంచి ఒకసారి పంపించేశారు. దండేసి మరీ. వంటింట్లోంచి కూడా రిటైర్ చేస్తే ఇంకెక్కడ నిలబడాలో తోచలేదు."

రిటైరైన దగ్గర్నుంచీ ఆయన గది గదికీ తిరగడం ఇల్లాలు చూస్తూనే ఉంది. బెంచి మీద కూర్చున్న ఆటగాడు పేరు పిలుస్తారేమోనని ప్రతి ఈలకీ లేచి నిలబడినట్టు. అది తన డబ్బాల మీద దండయాత్ర అనుకుంది. అంతే తప్ప, సగం బీరువా తప్ప ఆయనకి ఇంట్లో ఒక్క అరా లేదని తోచలేదు. చొక్కాని చూసి మనిషిని పోల్చుకోవడం ఆవిడకి ఇవాళ కొత్త కాదన్నమాట.

"వినండిద్దరూ," అంది ఆవిడ, రెండోసారి వడ్డిస్తూ. "పందెం నేను గెలిచాను కాబట్టి వంటింట్లో నా మాటే. నా మాట ఇదీ. ఒక వారం మీరు నా వరసలో వండుతారు, డబ్బా తీసిన చోటే పెడుతూ. మరుసటి వారం నేను మీ పద్ధతిలో వండుతాను, తోచింది తోచినట్టు."

"నువ్వా? తోచినట్టా?" ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "నీకు తోచడానికే ముందు రోజు చెప్పాలే!"

"చూద్దాం. కింది వరసలో కిటికీ వైపు అర మీది. అందులో ఏది ఎక్కడున్నా నేను అడగను."

"అడక్కుండా ఉండగలవా?"

"కళ్లు మూసుకుంటాను."

ఆయన నవ్వి, ఉప్పు లేని ముద్దే ఇష్టంగా కలుపుకున్నాడు. ఇంతలో నీళ్లకని లేచిన కూతురు హాల్లోంచి కేకేసింది, నాన్న పొద్దున్న మరిచిపోయిన ఉప్పు డబ్బా టీవీ వెనక వైర్ల మధ్య ఉందని.

అది ఎడమ పక్కో కుడి పక్కో ఆ పూటకి ఎవరూ అడగలేదు.