ముగ్గురు లక్ష్మీదేవుల విలీనం

వలసల్లోకెల్లా కష్టమైనది మనుషుల వలస కాదు, మనుషుల వివరాల వలస. మనిషైతే గుడియాత్తం బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒకరితో తగువు పెట్టుకుని, ఆ తగువు తీరేలోపే వేలూరులో దిగిపోతాడు. అదే మనిషి పేరూ, పుట్టిన తేదీ వేలూరు హెడ్డాఫీసులో ఒక గదిలోంచి పక్క గదిలోకి పోవాలంటే కమిటీ కావాలి, టెండరు కావాలి, రాహుకాలం కాని వేళ కావాలి. మా పూర్వీకులు వందల ఏళ్ళ కిందట తెలుగునాడు విడిచి ఎద్దుబండ్ల మీద తమిళనాట ఈ పాలారు ఒడ్డుకు వచ్చినప్పుడు ఇవేవీ లేవు. అయినా దారిలో ఎవరినీ డూప్లికేటని దించెయ్యలేదు.

నేను గుడియాత్తంలో ఒక బూట్ల ఫ్యాక్టరీలో టైం ఆఫీసు గుమస్తాను. ఎవరు పనికి వచ్చారు, ఎవరు సెలవులో ఉన్నారు అన్నది చెప్పడం నా ఉద్యోగం. (ఇదివరకు తలెత్తి చూసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చూడడం నిబంధనలకు విరుద్ధం.)

మా కార్మికుల వివరాలన్నీ హెడ్డాఫీసులో బీరువా అంత పాతకాలపు కంప్యూటరులో ఉండేవి. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఆయుధపూజనాడు విభూతి పెట్టించుకుని, గుమ్మడికాయతో దిష్టి తీయించుకుని, ఏడాది పొడుగునా నోరెత్తకుండా పనిచేసేది. అందరూ దాన్ని పెద్దాయన అనేవాళ్ళు. పెద్దాయనకు పేర్లతో పని లేదు, టోకెన్ నంబరు చెబితే చాలు. ఆయనకు వయసైపోయిందని, వివరాలన్నీ బల్ల మీద పట్టే కంప్యూటరులోని డేటాబేసుకు మార్చాలని పైవాళ్ళు తీర్మానించి, విఘ్నేష్ అనే ఇంజనీరును సమాచార తరలింపు ప్రత్యేకాధికారిగా వేశారు.

విఘ్నేష్ మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. మనిషిని నంబరుతో పిలవడం అమర్యాద అని అతని అభిప్రాయం. అందుకని టోకెన్ నంబర్లను పెద్దాయన దగ్గరే వదిలేసి, పేరూ పుట్టిన తేదీ కలిపి మనిషికి గుర్తుగా పెట్టాడు. కొత్త డేటాబేసు వివరాలన్నీ మింగి, కొన్ని డూప్లికేట్లు ఉన్నాయి, తీసెయ్యమంటారా అని అడిగింది. అంత వినయంగా అడిగితే కాదనడానికి అతనికి మనసొప్పలేదు. ఆ సాయంత్రమే పెద్దాయనకు పూలదండ వేసి, కర్పూరం వెలిగించి, పాత ఇనుము బండికెక్కించారు.

ఆ డూప్లికేట్లలో మా కుట్టు విభాగంలోని లక్ష్మీదేవులు ఉన్నారు. ముగ్గురూ అన్నదమ్ముల బిడ్డలు. వాళ్ళింట్లో మొదటి ఆడపిల్లకు అవ్వ పేరు పెట్టడం ఆచారం. కొడుకులు ముగ్గురూ ఎవరికి వారు ఆ పుణ్యం కట్టుకున్నారు. ఇంట్లో పిలుపులు పెద్ది, నడిపి, చిన్ని. తాత ముగ్గురినీ ఒకేరోజు బడికి తోలుకుపోతే, అయ్యవారు చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకోమన్నాడు. చిన్ని కాస్త తల వంచి పట్టుకుంది. చెవి అందింది కాబట్టి ముగ్గురికీ అయిదేళ్ళని తేల్చి, జూన్ ఒకటి అని ఒకే తేదీ రాసుకున్నాడు. (ఆ తరంలో మా వైపు సగం జనం జూన్ ఒకటినే పుట్టారు. మంత్రసానులు మిగతా ఏడాదంతా ఏం చేసేవారో తెలియదు.)

నడిపి లక్ష్మీదేవి కూతురు రంజితకు తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని వేలూరు ఆస్పత్రిలో శుక్రవారానికి ఆపరేషన్ పెట్టారు. అమ్మ పక్కన లేకపోతే ఆ గదిలోకే పోనని పిల్ల ఫోనులో ఒకటే ఏడుపు. నడిపి బుధవారమే వచ్చి సెలవు అడిగింది. నేను డేటాబేసును అడిగాను. లక్ష్మీదేవి ఇప్పటికే సెలవులో ఉన్నారని అది చెప్పింది. నిజమే, పెద్ది విరించిపురంలో మొక్కు తీర్చుకోవడానికి సెలవు పెట్టి ఉంది. ఇంకాస్త కిందకు చూస్తే లక్ష్మీదేవి పొద్దున్నే పనికి వచ్చినట్టు కూడా ఉంది. అది చిన్ని. సెలవులో ఉండి పనికి రావడం క్రమశిక్షణ లేకపోవడం కిందికి వస్తుంది కాబట్టి, డేటాబేసు తనంతట తానే సంజాయిషీ నోటీసు ముద్రించి ఇచ్చింది. సంజాయిషీ తేలేదాకా ఏ సెలవూ లేదు. (జీతాలు ఇంకా పాత లెడ్జరు పుస్తకాల్లోనే ఉన్నాయి, వాటి తరలింపు రెండో విడతలో కాబట్టి ముగ్గురికీ ఇంకా జీతాలు అందుతున్నాయి. దయచేసి ఎవరూ విఘ్నేష్‌కు గుర్తు చెయ్యకండి.)

నడిపిని మేనేజరు జానకిరామన్ గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన ముగ్గురినీ ఏళ్ళ తరబడి ఎరుగుదురు. పెద్ది కొడుకు పెళ్ళిలో పాయసం రెండోసారి అడిగి వేయించుకున్నారు. అయినా తాను ఎరగడం సాక్ష్యం కిందికి రాదని, వేర్వేరు పుట్టిన తేదీలు చూపించి తాము ముగ్గురమని నిరూపించుకుంటే ఆలోచిద్దామని చెప్పారు. తేదీలే వేర్వేరుగా ఉంటే అసలీ తంటా లేదు గదా అని విన్నవించాను. అదీ నిజమేనని ఒప్పుకుని ఆయన టీ తెప్పించారు. విఘ్నేష్‌కు ఫోన్ చేస్తే, అనుమానం వస్తే పెద్దాయనను అడిగి చూడమన్నాడు. పెద్దాయన అప్పటికి ఏ కొలిమిలో ఉన్నాడో.

నడిపి టీ ముట్టలేదు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది, పేరు రంజిత అని కనబడుతూనే ఉంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మేనేజరు గారిని నిదానంగా అడిగింది.

"సార్, నేను సెలవులో ఉండానని ఈ డబ్బానే చెప్తా ఉండాది గదా?"

"ఆమా, అవునమ్మా, అట్లనే చెప్తా ఉండాది" అన్నారు జానకిరామన్ గారు.

"అయితే సెలవులో ఉండేదానికి ఈడేం పని? నా బిడ్డ ఆడ ఏడస్తా ఉండాది. పోయొస్తా నాయనా."

ఇందుకు అడ్డు చెప్పే నిబంధన కోసం ఆయన వెతుకుతుండగానే ఆమె బస్సెక్కేసింది. శుక్రవారం ఆపరేషన్ గది తలుపు దాకా కూతురి చెయ్యి వదల్లేదట. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కబురు వినగానే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

జరిగినదానికి విఘ్నేష్ కూడా నిజంగా బాధపడ్డాడు. చిక్కంతా పుట్టిన తేదీతోనే వచ్చిందని తేల్చి, గుర్తులోంచి తేదీని తీసేసి పేరొక్కటే ఉంచాడు. ఇకమీదట ఎవరి తేదీలో తేడా వచ్చినా డేటాబేసు తానే సరిదిద్దుకుంటుందని సర్క్యులరు పంపాడు.

పెద్ది సెలవు ముగిసిన రోజే నడిపి కూడా తిరిగొచ్చి, అందరికీ మైసూరుపాకు పంచి, మనవరాలి పేరు కంపెనీ వైద్య పథకంలో ఎక్కించమంది. ఏం పేరు పెట్టారని అడిగాను.

"ఇంకేం పేరుంటాది నాయనా, మా అవ్వ పేరే."

పేరు కొట్టాను. పుట్టిన తేదీ, శుక్రవారానిది, కొట్టాను. డేటాబేసు లక్ష్మీదేవిని చూడగానే గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ ఆమె పుట్టిన తేదీ తప్పుగా ఉందని గ్రహించి, సరిదిద్దింది.

మర్నాడు ముగ్గురినీ గేటు దగ్గరే ఆపేశారు. పసిపిల్లల చేత పని చేయించడం నేరం, పైగా మాది ఎగుమతుల కంపెనీ. జానకిరామన్ గారు స్వయంగా గేటు దాకా వచ్చి, పద్దెనిమిదేళ్ళు నిండాక రమ్మని, అప్పుడు అనుభవం ఉన్నవాళ్ళకే మొదటి అవకాశమని మర్యాదగా చెప్పి పంపారు.